మన కొలతలతో మనమే కుట్టుకునే నూలు కుర్తీ

కుర్తీ కుట్టుకోవాలన్న కోరిక పుట్టగానే చాలామంది మిషను బేరం చేయడానికి బయలుదేరతారు. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. బీరువా తెరిచి, మీ ఒంటికి చక్కగా అమరిన పాత నూలు కుర్తీ ఒకటి వెతికి తీయండి. చెయ్యి పైకెత్తితే చంకలో పట్టకూడదు, భుజం జారకూడదు, కూర్చుంటే తుంటి దగ్గర బిగుసుకోకూడదు. అలాంటిది ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. నాకు భుజాలు సన్నం, జబ్బలు లావు. ఛాతీ కొలత చూసి రెడీమేడ్ కొంటే భుజం కుట్టు జబ్బ మీదికి దిగుతుంది, భుజం చూసి కొంటే చెయ్యి దూరదు. నేను కుట్టు పట్టుకున్నది ఇందుకే. మన ఒంటి కొలతను ఏ కంపెనీ నంబరూ చెప్పలేదు. మనకు అమరిన బట్ట చెబుతుంది.

మొదటి కుర్తీకి మంగళగిరి నూలు బట్టను మించినది లేదని నా గట్టి అభిప్రాయం. గుంట మగ్గం మీద దిట్టంగా నేసిన బట్ట కాబట్టి కత్తెర కింద జారదు. మడత పెట్టి గోటితో గీస్తే ఆ మడత అలాగే నిలుస్తుంది. అంచు తప్ప మిగతా బట్ట చాలావరకు సాదాగా ఉంటుంది కనుక పైకీ కిందికీ తేడా చూసుకోనక్కరలేదు. విజయవాడలో ఉన్నవాళ్ళకు మంగళగిరి పదిహేను కిలోమీటర్లు కూడా లేదు, వెళ్ళి బట్ట తాను విప్పించి చూసుకోవచ్చు. పెడన కలంకారీ నాకు ప్రాణమే కానీ, దాని మీది నెమళ్ళు, ఏనుగులు ఒకే దిక్కుకు నిలబడి ఉంటాయి. బట్టను భుజం దగ్గర మడిచి ఒకేసారి కత్తిరిస్తే ఎదురు భాగంలో నిటారుగా ఉన్న నెమలి వీపు మీద తలకిందులవుతుంది. ముందు, వెనక భాగాలను విడివిడిగా పరిచి కోసే ఓపిక వచ్చాక దాన్ని ముట్టుకోండి. పోచంపల్లి ఇకత్‌కు పక్క కుట్టు దగ్గర ఈ వైపు నమూనా ఆ వైపు నమూనాతో కలవాలి, అందుకు బట్ట కూడా ఎక్కువ పడుతుంది. ఇక పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేత్తో నూలు వడికి నేసే బట్ట అది. నాలుగైదు కుర్తీలు కుట్టి చెయ్యి తిరిగాకే దాని మీద కత్తెర పెట్టాలి, ఆ శ్రమకు మనం ఇవ్వవలసిన గౌరవం అది. జార్జెట్, రేయాన్ లాంటి జారే బట్టల జోలికి మొదట్లో అసలు వెళ్ళకండి.

బట్ట ఎంత కొనాలో దుకాణంలో అడగవద్దు, ఇంట్లోనే లెక్క వేసుకోండి. నా కుర్తీ పొడవు 40 అంగుళాలు. భుజం కుట్టుకు అర అంగుళం, కింద మడతకు ఒకటిన్నర కలిపితే 42. ముందు, వెనక కలిసి 84 అంగుళాలు, అంటే రెండు మీటర్ల 13 సెంటీమీటర్లు. పన్నా, అంటే బట్ట వెడల్పు, 44 అంగుళాలు ఉంటే చేతులు పక్కన మిగిలే బట్టలోనే వస్తాయి. నేను రెండున్నర మీటర్లు తీసుకుంటాను. మిగిలేది మెడ పట్టీకి, జేబుకు సరిపోతుంది. పన్నా 36 ఉన్న బట్టలో చేతులు పక్కన రావు, వాటికి విడిగా ముప్పావు మీటరు కలుపుకోవాలి.

ఇంటికి తెచ్చిన బట్టను తడపకుండా కత్తిరించకండి. నూలు బట్ట మొదటి ఉతుకులో వందకు మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోవడం మామూలే. 40 అంగుళాల కుర్తీలో అది రెండు అంగుళాల దాకా పోతుంది. కొలత ఎంత బాగా తీసినా ఈ రెండు అంగుళాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. రాత్రి చన్నీళ్ళలో విడిగా నానబెట్టి, పొద్దున పిండకుండా నీడన ఆరవేసి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టె పడుగు దారాల వెంట, అంటే అంచుకు సమాంతరంగా నడవాలి. ఐమూలగా లాగితే బట్ట వంకర తిరుగుతుంది, ఆ వంకర కుట్టాక కనిపిస్తుంది.

మిషను విషయంలో నాకు పట్టింపు తక్కువ. అమ్మమ్మ కాలం నాటి నల్లటి తొక్కుడు మిషను ఇంట్లో ఉంటే కొత్తది కొనకండి. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. లోకంలో పుట్టిన కొద్దిపాటి ఉపయోగకరమైన వస్తువుల్లో అదొకటని ఆయన భావించారు. ఆ పాత మిషనుకు కావలసింది మిషను నూనె. కొబ్బరి నూనె, వంట నూనె పోయకూడదు, అవి లోపల జిగురుగా గడ్డకడతాయి. రంధ్రానికి ఒక చుక్క చొప్పున వేసి, దారం లేకుండా కాసేపు తొక్కి, ఆ తర్వాత పాత గుడ్డ ముక్క మీద రెండు వరసలు కుట్టి కారిన నూనె అంతా దిగేదాకా మంచి బట్ట పెట్టకండి. చక్రాన్ని ఎప్పుడూ మన వైపుకే తిప్పాలి. తొక్కుడు మిషను కొత్తగా పట్టుకున్నవాళ్ళు గీతల నోటు పుస్తకం కాగితం మీద, దారం లేని సూదితో, గీత తప్పకుండా కుట్టి చూడాలి. గీత మీద సూది నిలవడం వచ్చాక, గుండ్రంగా గీసుకుని దాని మీద కుట్టండి. మెడ కుట్టే రోజున ఈ అభ్యాసమే అక్కరకొస్తుంది. కాగితం కుట్టిన సూదితో బట్ట కుట్టకూడదు, మొన మొద్దుబారి ఉంటుంది.

మంగళగిరి బట్టకు 14 నంబరు సూది సరిగ్గా సరిపోతుంది, పలుచని మల్లు బట్టకు 11. సూదిని పరిశీలించి చూడండి: ఒక పక్క నిలువునా సన్నటి గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. మిషను కుట్లు వదిలేస్తోందని, దారం తెంపుతోందని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళే ముందు ఇదొక్కటి సరిచూసుకుంటే చాలా సార్లు ఖర్చు తప్పుతుంది. కుట్టేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తే మొన వంగిందని అర్థం, సూది మార్చండి. కుట్టు నిడివి అంగుళానికి పది కుట్లు పడేలా పెట్టుకోండి. బట్ట అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతుంటే పై దారం వదులుగా ఉన్నట్టు, బాబిన్ దారం, అంటే అడుగు దారం, పైకి చుక్కలుగా కనిపిస్తుంటే పై దారం మరీ బిగిసినట్టు. ముందు పై దారం స్క్రూనే తిప్పండి. బాబిన్ కేసు మీది చిన్న స్క్రూ జోలికి చివరగా వెళ్ళాలి.

ఇప్పుడు ఆ పాత కుర్తీ సంగతి. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం పరిచి, కుర్తీని నిలువుగా సగానికి మడిచి దాని మీద పెట్టండి. వార్తాపత్రిక వద్దు, సిరా లేత రంగు బట్టకు అంటుతుంది. మడత కాగితం అంచుకు ఆనాలి. భుజం, చంక చుట్టు, పక్క, కింది అంచు వెంట పెన్సిలుతో గీసుకోండి. చేతి కుట్టు బట్ట లోపలికి ఉంటుంది కాబట్టి చంక వంపు తిన్నగా పడదు. అక్కడక్కడ కుట్టు గుండా గుండు సూది గుచ్చితే కాగితం మీద చిల్లులు పడతాయి, ఆ చిల్లులను కలిపితే వంపు దొరుకుతుంది. గీసిన తర్వాత టేపుతో సరిచూసుకోవాలి. నా కాగితం మీద అంకెలు, అంగుళాల్లో, ఇవి: భుజం సగం 7, ఛాతీ పావు 10, చంక లోతు 8, మెడ వెడల్పు సగం 3, ఎదర మెడ లోతు 6, వెనక 3, కింది అంచు పావు 12. నా ఒంటి ఛాతీ కొలత 36 అయితే కుర్తీ చుట్టు 40 వచ్చింది. ఆ నాలుగు అంగుళాలు ఊపిరి తీసుకోవడానికి, చేతులు కదలడానికి. పాత కుర్తీలో ఈ లూజు ముందే కలిసి ఉంటుంది కనుక మళ్ళీ కలపకండి, కుట్లకు మాత్రం వదలండి: భుజానికి, చంకకు అర అంగుళం, పక్కలకు ఒక అంగుళం నిండుగా.

బట్టను అంచు మీద అంచు పెట్టి నిలువుగా మడవండి, తర్వాత అడ్డంగా సగానికి మడవండి. నాలుగు పొరలవుతాయి. కుర్తీ మడతకు ఆనిన కాగితం అంచు బట్ట నిలువు మడత మీద ఉండాలి. భుజం పక్కన మిగిలే పది అంగుళాల పట్టీని చూశారా, అంచు ఉన్న ఆ పట్టీలోనే చేతులు వస్తాయి. నాకు మంగళగిరి బట్టతో కుట్టడంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. చేతి పొడవును పన్నా వైపుకు, వెడల్పును బట్ట నిడివి వైపుకు తిప్పి పెడితే, నేతగాడు నేసిన జరీ అంచు సరిగ్గా చేతి చివరకు వచ్చి కూర్చుంటుంది. అక్కడ మడత పెట్టనక్కరలేదు, కుట్టనక్కరలేదు. పది అంగుళాల్లో కుట్టుకు అర పోగా తొమ్మిదిన్నర అంగుళాల చెయ్యి, మోచేతికి కాస్త పైన. చేతికి పూర్తి వెడల్పు 16 పెట్టుకుంటాను, గోపురంలా లేచే పై వంపు ఎత్తు 3.

కత్తెర తొమ్మిది లేదా పది అంగుళాలది ఉండాలి, దాంతో కాగితం కోయకూడదు. కోసేటప్పుడు బట్టను చేతిలోకి ఎత్తుకోకండి. బల్ల మీదో నేల మీదో పరిచి ఉంచి, కత్తెర కింది రేకు నేలకు ఆనుతూ నడవాలి. ముందు నాలుగు పొరలనూ వెనక భాగం గీత మీద కోయండి, అంటే మెడ లోతు 3 దగ్గరే. ఆ తర్వాత ఎదర భాగం రెండు పొరలను విడదీసి మెడను 6 దాకా దించండి, చంక వంపును మధ్యలో అర అంగుళం లోపలికి తీయండి. ఎదర చంక లోతుగా లేకపోతే చెయ్యి ముందుకు చాపినప్పుడు బట్ట ముడతలు పడుతుంది. మెడ గీతను మాత్రం కావలసినదానికంటే పావు అంగుళం తక్కువగా కోయాలి, ఆ పావు పట్టీ కుట్టులోకి పోతుంది. తక్కువ కోస్తే మళ్ళీ కోసుకోవచ్చు, ఎక్కువ కోస్తే కుర్తీ అంతా మెడ చుట్టూ తిరుగుతుంది.

కుట్టే వరస ఇది: భుజాలు, మెడ, చేతులు, జేబు, పక్కలు, చీలికలు, కింది మడత. ఒక్కో కుట్టు అయిన వెంటనే ఇస్త్రీ చేసి తరువాతి దానికి వెళ్ళాలి. అన్నీ అయ్యాక చివర్లో ఒకేసారి చేసుకుందామనుకుంటే కుట్టు మీద కుట్టు పడే చోట బట్ట ఎత్తుగా లేస్తుంది. నా మిషను పక్కనే ఇస్త్రీ పెట్టె, నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లో కుట్టిన బట్టకూ మంచి దర్జీ కుట్టిన బట్టకూ తేడా కనిపించేది చాలావరకు ఇక్కడే.

మెడకు తొందరపడకండి. మిగిలిన బట్టను ఐమూలగా, సరిగ్గా 45 డిగ్రీల కోణంలో మడిచి, అంగుళంపావు వెడల్పున పట్టీలు కోయండి. ఐమూలగా కోసిన పట్టీయే సాగుతుంది, గుండ్రటి మెడ చుట్టూ ఒంగి కూర్చుంటుంది. నిలువుగా కోసిన పట్టీ ఎంత బతిమాలినా ఒంగదు. రెండు మూడు ముక్కలు అతకవలసి వస్తుంది. పట్టీని కుర్తీ మంచి వైపున మెడ అంచుకు పెట్టి, వెనక భాగంలో మొదలుపెట్టి పావు అంగుళం లోపలగా కుట్టండి. వంపు దగ్గర పట్టీని రవ్వంత లాగి పట్టుకోవాలి, కుర్తీ మెడను మాత్రం లాగకూడదు. తర్వాత వంపు పొడవునా అర అంగుళానికొకటి చొప్పున కుట్టును తెగకుండా చిన్న గాట్లు పెట్టండి. గాటు పెట్టని మెడ తిరగదు, ముడుచుకుని నిలబడుతుంది. పట్టీని బయటికి తిప్పి, లోపలి మిగులు పట్టీ వైపుకు మళ్ళేలా ఇస్త్రీ చేసి, పట్టీ మీదే కుట్టుకు ఆనుకుని ఇంకో వరస కుట్టండి. ఈ వరస పైకి కనిపించదు కానీ, పట్టీ ఎప్పటికీ బయటికి తొంగి చూడకుండా లోపలే పట్టి ఉంచుతుంది. ఇక పట్టీ చివరను మడిచి లోపలికి తిప్పి, చేత్తో హెమ్మింగ్ చేయండి. హెమ్మింగ్‌లో సూది కుర్తీ బట్టలో ఒక్క పోగును మాత్రమే పట్టుకోవాలి. టీవీ ముందు కూర్చుని నిదానంగా చేసుకునే పని, నాకు మిషను కుట్టు కంటే ఇదే హాయి.

చేతులను పక్కలు మూయకముందే అతకండి, బట్ట పరిచి ఉంటుంది కాబట్టి కొత్తవారికి తేలిక. అతికే ముందు టేపును అంచు మీద నిలబెట్టి చంక చుట్టు కొలవండి. టేపు పడుకోబెడితే వంపు కొలత సరిగా రాదు. చేతి పై వంపు అంతకంటే అర అంగుళం నుంచి అంగుళం ఎక్కువ ఉండవచ్చు, దాన్ని భుజం దగ్గర సర్దుకోవాలి. తక్కువగా మాత్రం ఉండకూడదు. చేతి మధ్య గుర్తును భుజం కుట్టుకు కలిపి గుండు సూది గుచ్చి, అటూ ఇటూ సర్ది, కచ్చా కుట్టు వేసుకుని, అప్పుడు మిషను మీద పెట్టండి.

జేబు లేని కుర్తీ నేను కుట్టను. ఆడవాళ్ళ బట్టలకు జేబు ఎందుకన్నది ఇప్పటికీ వినిపించే మాట. ఇంటి తాళం, ఫోను, బస్సు చిల్లర ఎక్కడ పెట్టుకోవాలో ఆ అడిగేవాళ్ళు చెప్పరు. కుడి పక్కన చాలు. ఆరున్నర అంగుళాల వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న రెండు ముక్కలు కోసి, అడుగు గుండ్రం చేయండి. భుజం నుంచి 16 అంగుళాల కింద మొదలుపెట్టి, ఒక ముక్కను ఎదర భాగం పక్క అంచుకు, రెండో దాన్ని వెనక భాగం పక్క అంచుకు, మంచి వైపులు కలిపి ముప్పావు అంగుళం లోపలగా కుట్టి బయటికి తిప్పండి. పక్క కుట్టు వేసేటప్పుడు చేతి చివర నుంచి చంక మీదుగా దిగి, జేబు నోరు మొదలయ్యే చోట సూదిని బట్టలోనే ఉంచి తిరగండి. జేబు సంచి చుట్టూ కుట్టి, నోరు ముగిసే చోట మళ్ళీ పక్క గీత మీదికి రావాలి. నోరు ఆరు అంగుళాలు ఉంటే చెయ్యి సులువుగా దూరుతుంది. చీలిక జేబు నోటికి కనీసం రెండు అంగుళాల దిగువన మొదలవ్వాలి, అంటే భుజం నుంచి 24 దగ్గర. నోటి రెండు చివర్లా, చీలిక మొదట్లోనూ వెనక్కీ ముందుకీ మూడుసార్లు కుట్టండి, బట్ట చిరిగేది అక్కడే.

పక్కలకు వదిలిన అంగుళాన్ని కోసేయకండి. మన దర్జీలు జాకెట్టు పక్కల్లో రెండు మూడు వరసలు కుట్టి ఇస్తారు కదా, ఒళ్ళు వస్తే ఒక వరస విప్పుకోవడానికి. ఆ పద్ధతి ఎంతో తెలివైనది, కుర్తీకీ పాటించండి. అంచుల పోగులు ఊడకుండా దగ్గర్లోని పీకో దుకాణంలో ఓవర్‌లాక్ చేయించుకోవచ్చు. చీలికల దగ్గర ఆ అంగుళాన్నే రెండు మడతలు మడిచి కుట్టేస్తే పని పూర్తవుతుంది. కింది అంచును కుట్టే ముందు కుర్తీని ఒక రాత్రి హ్యాంగర్‌కు తగిలించి ఉంచండి. ఐమూల భాగాలు కొద్దిగా సాగి దిగుతాయి, మర్నాడు సమం చేసి మడత పెట్టండి.

తొడుక్కుని ఒక రోజంతా ఇంట్లో తిరగండి: వంట చేయండి, పైఅర అందుకోండి, నేల మీద కూర్చోండి. ఎక్కడ పట్టిందో, ఎక్కడ వదులైందో ఆ ఖాకీ కాగితం మీదే తేదీ వేసి రాసుకుని, కాగితాన్ని మడవకుండా చుట్టి పెట్టుకోండి. అదే కాగితం మీద భుజం నుంచి 28 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక గీత గీసుకుంటే పొట్టి కుర్తీ వస్తుంది. దానికి మీటరూ ముప్పావు బట్ట చాలు. జేబును మాత్రం రెండు అంగుళాలు పైకి జరపాలి.